చేను మేయని కంచె

జూన్‌లో జునిపర్ పొదలు కొట్టడానికెళ్లాడు మా ఎండ్రిక్.
మోకాలి వెనక నువ్వుగింజంత పురుగు.
గోటితో గిల్లి పారేసి
పడవకు తారు పూసే పనిలో పడ్డాడు.

పదిరోజులకు జ్వరం. తగ్గింది.
తగ్గిందనుకున్న వారానికి
పొయ్యి దగ్గర నిలబడి, చెంచాను చూపించి
తెడ్డు అన్నాడు.
నేను నవ్వాను.
ఆ నవ్వు ఇంకా గొంతులో అడ్డంగానే ఉంది.

హియుమా దీవి నుంచి హెలికాప్టర్.
టార్టు ఆసుపత్రి, మూడో అంతస్తు.
రాత్రి పదకొండైనా కిటికీ ఆరిపోదు మా ఎండాకాలంలో,
వెలుతురు కూడా జ్వరంలాగే దిగనంటుంది.

నేనూ ఆ ఊళ్లోదాన్నే.
వీధి చివరి ప్రయోగశాలలో
ఎలుకల మెదళ్లను ఉల్లిపొరలంత పలచగా కోస్తాను,
రంగులద్దుతాను, గాజుపలకల మీద పేర్చి పెడతాను.
అద్దం కింద ఎర్రచుక్కగా కనిపించేదాన్ని
తమ్ముడి నుదుటి లోపల ఊహించుకోవడం
ఏ జీతానికీ నేర్పని పని.

"వెన్నునీటిలో వైరస్ జాడ లేదు" అంది డాక్టర్ మారిట్.
"వచ్చినవాళ్లు ఎలా వెళతారో, ఇక అదీ చూడాల్సింది."

ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకున్న కథలు నాకు తెలుసు.
మెదడులో చచ్చిన కణాల శిథిలం
మెల్లగా మెడ దగ్గరి గ్రంథుల్లోకి దిగుతుంది,
పగిలిన కుండపెంకుల్లా.
ప్రతి పెంకు మీదా మన ఇంటిపేరే.
కత్తి దూసి ఉన్నవాడు ఆ పేరు చదివితే?

అక్కడే ఉంటాయవి,
నిలువరించే కణాలు.
రొమ్ముటెముక వెనక, చిన్ననాటి బడిలో
తనవాళ్లను మరీ గట్టిగా గుర్తుపట్టిన నేరానికి
తోటివాటిని గుంపులు గుంపులుగా చంపేశారు.
వీటిని మాత్రం, అదే నేరానికి,
కాపలా పెట్టారు.
పద్దెనిమిదేళ్లుగా ఈ మాట చదువుతున్నాను,
చదివిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచి నీళ్లు తాగుతాను.

అవి కేకలెయ్యవు. కత్తి లాక్కోవు.
ఎదుటివాడి కంచంలో కూడు ముందే తినేస్తాయి,
ఆకలితో వాడి చెయ్యి దిగుతుంది.
పెంకులు చూపిస్తూ తిరిగేవాడి మెడలో గంట ఊడబీకుతాయి,
గంట మోగని చోట
పెంకు వట్టి పెంకే.

అన్నిసార్లూ కాదు.
పక్కగదిలో లెయ్డా, తొమ్మిదేళ్లు.
తనది వేరే వైరస్. అది పోయిన నాలుగో వారం
చేతులు వాటంతటవే పాముల్లా మెలితిరిగాయి.
కంచే చేను మేసింది.
ఆ పిల్లకెందుకు, మావాడికెందుకు కాదు
అని నడవాలో అడిగాను.
మారిట్ పెన్నుకి మూత పెట్టింది.
చాలాసేపు ఆ మూతనే నొక్కుతూ నిలబడింది.
మావాడు బతికాడన్న సంతోషాన్ని
లెయ్డా తల్లి ఎదుట ఎక్కడ దాచాలో తెలియక
కోటు జేబులో చేతులు పెట్టుకుని దాటిపోయాను.

సెప్టెంబరు. ఎడమ భుజం లేవదు వాడికి.
మిగతాదంతా దాదాపు వాడే.
"నా తలకాయలో ఏం జరిగింది?" అడిగాడు.
జరిగింది చెప్పగలను,
ఏ చుక్క ఏ రంగో కూడా.
జరగనిదే వాణ్ణి కాపాడింది.
జరగనిదానికి రంగు పట్టదు.
అందుకని, చలిగా ఉంది టోపీ పెట్టుకో అన్నాను.

రేవులో పడవ దింపాం.
కుడిచేతి పక్కది తను పట్టుకుని
రెండోది నాకందిస్తూ
"ఇదిగో, చెంచా" అన్నాడు.

వేళాకోళమో, జబ్బో
వాడి మొహంలో వెతుక్కుంటూ ఆగిపోయాను.
ఒక్క తెడ్డు మీద పడవ
అరచుట్టు తిరిగింది.